తిమింగలాన్ని చూసినవారు

సెక్టర్ 4 తెలుగు విహార మండలి సభ్యులు పద్నాలుగు మంది రక్షిత సముద్ర ఉద్యానానికి వెళ్ళి, తిమింగలాన్ని సందర్శించి, దానికి ఏ లోటూ రానీయకుండా క్షేమంగా తిరిగి వచ్చారని 1996 జనవరిలో భిలాయి ప్రజలకు తెలియజేయడమైనది.

ఈ ప్రకటనను మండలి అధ్యక్షులు నరసింగరావుగారు చెబుతుంటే రాసిపెట్టింది ఆయన భార్య వనజాక్షి. యాత్రకు పులిహోర కలిపింది కూడా ఆమే.

దుర్గ్‌లో రైలెక్కి, మరో రెండు మారి సముద్రం చేరారు. నిశ్శబ్దంగా ఉండాలనీ, నీళ్ళలో ఏమీ వేయరాదనీ అక్కడి గార్డు హిందీలో మూడుసార్లు చెప్పాడు. సభ్యులు ఆ నియమాలను మెచ్చుకుని, చప్పట్లు కొట్టి, లాంచీ ఎక్కగానే అంత్యాక్షరి మొదలుపెట్టారు. ఎవరో తిమింగలానికి నైవేద్యంగా అప్పడాలు విసిరారు. గార్డు విరక్తి చెంది నిద్రపోయాడు.

మూడు గంటలైనా తిమింగలం రాలేదు. దానికి టైమంటే లెక్కలేదనీ, స్టీలు ప్లాంటులో అయితే ఈపాటికి మెమో చేతికిచ్చేవారమనీ నరసింగరావుగారు అభిప్రాయపడ్డారు.

చివరికి పదమూడు మంది బ్యానరు పట్టుకుని, సముద్రానికి వీపు పెట్టి ఫొటోకు నిలబడ్డారు. కెమెరా వనజాక్షికిచ్చారు. అప్పుడు వాళ్ళ వెనక నీళ్ళు నల్లగా ఉబ్బాయి. బుస్సుమని ఆవిరి లేచింది. తెల్లమచ్చ ఉన్న తోక ఒకటి, క్వార్టరు పైకప్పంత, గాల్లో నిలబడింది.

"ఏవండీ, ఎనక్కి తిరగండి! తిమింగలం!"

"నీకేటి తెలుసు? ముందు బటన్ నొక్కు. ఎవరూ కదలకండి, నవ్వండి!"

పదమూడు మందీ కదలకుండా నవ్వారు. నెత్తిన తుంపర పడితే, లాంచీ ఇంజను లీకవుతోందని ఇంజనీరు హరినాథ్‌గారు పళ్ళు కదపకుండానే ఫిర్యాదు చేశారు. వనజాక్షి కెమెరా దించేసి, పకపకా నవ్వుతూ, తోక మునిగేదాకా రెప్పవేయకుండా చూసింది.

వారం తిరక్కుండా సన్మానసభ జరిగింది.

"నేను దాని కళ్ళలోకి చూశాను. అది నా కళ్ళలోకి చూసింది. ముందు చూపు దించుకున్నది నేను కాదు!" అన్నారు నరసింగరావుగారు. హాలు దద్దరిల్లింది.

"తోకమీద తెల్లమచ్చ కూడా ఉంది కదండీ," అంది వనజాక్షి, గుమ్మం దగ్గర నిలబడి.

"అలాంటిదేటీ లేదు. టీలు చల్లారిపోతన్నాయి."

రికార్డు నిమిత్తం, తిమింగలాన్ని చూసినవారు చేతులెత్తవలసిందిగా కార్యదర్శి కోరారు. వెళ్ళింది పద్నాలుగు మంది. లేచిన చేతులు డెబ్బై ఒకటి.

వనజాక్షి రెండు చేతుల్లోనూ టీ ట్రే ఉంది. ఆమె ఒక్కతే చూడలేదని మినిట్స్‌లో రాసుకుని, సభ ఏకగ్రీవంగా ఆమెకు సానుభూతి తెలిపింది.