గోతిలో కాపురం

ఆ ఉదయం ఒతీలియా పెట్టుకున్న పని చిన్నదే. కాఫీ తాగి, మరిది కసియానోని వెంటబెట్టుకుని కొండెక్కి, మొగుడి గోతిని పూడ్చి, అరటికాయలు ఉడకేసే వేళకి ఇల్లు చేరాలి. మొగుడు ఫెర్మీన్ మాత్రం ఇంకా బతికే ఉన్నాడు.

వానలకు ముందు పాదిరీగారు వచ్చి చావుబతుకుల్లో ఉన్న ఫెర్మీన్‌కి కడసారి తైలం పూసి వెళ్ళగానే, తమ్ముడు కసియానో తొందరపడి శ్మశానంలో గొయ్యి తవ్వేశాడు. మర్నాడు ఫెర్మీన్ లేచి కూర్చుని ఆకలన్నాడు. పూడ్చమంటే కసియానో నడుం పట్టేసిందని మూలిగాడు. ఖాళీ గొయ్యి ఊరికే ఉండదని, ఇంట్లోవాళ్ళని పేరుపెట్టి పిలుస్తుందని ఆ కొండల్లో ఎవరినడిగినా చెబుతారు. నిన్న ఫెర్మీన్‌కి దగ్గు తిరగబెట్టింది. గొయ్యి పిలుస్తోందని ఒతీలియాకి తేలిపోయింది.

కసియానో పార ఎత్తాడో లేదో, గోతి గోడలోంచి ఓ పిట్ట తుర్రుమంది. గుప్పిట్లో ఇమిడేంత ఉంటుంది. పచ్చటి వీపు, గొంతు కింద ఎర్ర రుమాలు కట్టినట్టు ఎరుపు. బర్రాంకోలీ. మట్టిగట్టు కనబడితే చాలు, బొరియ తవ్వి కాపురం పెట్టేస్తుంది.

"లోపల పిల్లలున్నాయి వదినా!"

"ఉంటే ఉన్నాయి. నాకు నా మొగుడు కావాలి. పూడ్చు!"

"పూడిస్తే అన్నయ్య నన్ను పూడుస్తాడు. పిల్లలు ఎగిరిపోయేదాకా మట్టి వెయ్యనని నాచేత ఒట్టేయించుకున్నాడు. రోజూ కర్ర పట్టుకుని వచ్చి చూసుకుంటున్నాడుగా."

"అయితే నీ నడుంనొప్పి?"

కసియానో పిట్ట వెళ్ళిన వైపు చూశాడు.

సమాధుల దగ్గర జపమాల చెప్పడానికి వచ్చిన ముసలి ప్రుదెన్సియా తగువు తీర్చింది. "పూడ్చక్కర్లేదు, గోతిని మోసం చేస్తే చాలు. తవ్వినవాణ్ణే పడుకోబెట్టి ఏడుద్దాం. కడుపు నిండిందనుకుంటుంది."

"నేనా? నాకు పెళ్ళాం ఉంది!"

"తవ్వేటప్పుడు గుర్తు రాలేదా నాయనా? దిగు!"

కసియానో గోతిలో వెల్లకిలా పడుకుని చేతులు జోడించాడు. ప్రుదెన్సియా ఏడుపంటే చుట్టుపక్కల కొండలన్నిటికీ గొప్ప పేరు. ఆవిడ రాగం ఎత్తుకుంది. ఒతీలియా ఉత్తుత్తిగా మొదలుపెట్టింది గాని, మొగుడి మంచం దగ్గర ఇన్నాళ్ళూ దాచుకున్న దుఃఖమంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ఆపుదామన్నా ఆగలేదు.

కింద ఊళ్ళో ఆ ఏడుపు విన్నవాళ్ళకి అనుమానమే కలగలేదు. ఎవరో చావు శంఖం ఊదేశారు. ఆడవాళ్ళు కాఫీ, అల్లం టీ కాచారు. మగవాళ్ళు శవజాగారానికి కుర్చీలు నెత్తిన పెట్టుకుని ఫెర్మీన్ ఇంటికి బయలుదేరారు. గుమ్మంలో చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఫెర్మీనే ఎదురయ్యాడు.

"ఎవర్రా పోయింది?"

కుర్చీలవాళ్ళు కుర్చీలు కిందికి దించారు. చివరికి ఒకడు నీళ్ళు నమిలాడు. "నువ్వే అనుకున్నాం, పెద్దాయనా."

"అనుకున్నారా? నన్నొక మాట అడగొద్దూ!"

కర్ర అందుకుని, దగ్గుతూ, తిడుతూ ఫెర్మీన్ కొండెక్కాడు. వెనకాలే కాఫీ కూజాలతో సహా ఊరంతా. ఎవరైనా పట్టుకోబోతే కర్ర ఎత్తాడు.

"లేవరా నా గోతిలోంచి!" అన్నాడు అంచున నిలబడి. కసియానో ఒక్క ఉదుటున బయటికి దూకాడు. ఫెర్మీన్ పగలబడి నవ్వాడు, ఆ నవ్వు దగ్గయింది, దగ్గుతూ మట్టిమీద కూలబడ్డాడు. ఒతీలియా పరిగెత్తి పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"ఏడ్చావుటే నాకోసం?"

"నీకోసం కాదు, గోతికోసం. ఇంటికి పద."

"ఉండవే. అటు చూడు."

బర్రాంకోలీ ముక్కున మిడతతో వచ్చి అతని మోకాలి పక్కనుంచే బొరియలోకి దూరింది. "తినిపిస్తోంది," అన్నాడు ఫెర్మీన్ మెల్లగా. తల ఒతీలియా భుజం మీదికి వాలింది. అలిసిపోయాడనుకుని ఆమె కదలకుండా కూర్చుంది. పిట్ట మళ్ళీ బయటికొచ్చేసరికి అతని చేతిలోంచి కర్ర జారి గోతిలో పడింది.

మగవాళ్ళందరూ టోపీలు తీశారు.

"గొయ్యి సిద్ధంగానే ఉందిగా," అంది ప్రుదెన్సియా కళ్ళు తుడుచుకుంటూ.

"అందులో కాదు," అంది ఒతీలియా. "పక్కన ఇంకోటి తవ్వు కసియానో."

"మరి ఇది తెరిచే ఉంటే మళ్ళీ పిలుస్తుందే, తల్లీ?"

"పిలవనీ. నా ఇంట్లో ఇంకెవరున్నారు?"

కసియానో నడుం ఊసెత్తకుండా పార అందుకున్నాడు. పరామర్శకు రావలసిన వాళ్ళందరూ అప్పటికే వచ్చి ఉన్నారు.