ముహూర్తానికి తెరిచిన ఫైలు

లెక్కల సాఫ్ట్‌వేరుకి తాళం పడటమంత అదృష్టం ఈ రోజుల్లో ఇంకొకటి లేదు. నవ్వకండి. త్రినాథరావుని అడిగినా ఇదే చెబుతాడు.

త్రినాథరావు ఫిల్మ్‌నగర్‌లో ఓ నిర్మాత ఇంట్లో మేనేజరు. ఎనిమిదో తరగతిలో బడి ఎగ్గొట్టి సినిమాల్లోకి వచ్చినవాడు. సినిమా ఖర్చు, ఇంటి ఖర్చు, కుక్క బిస్కెట్ల ఖర్చు అన్నీ ఒకే ఫైల్లో ఎక్కించడం ఆయన పని. రోజూ పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఫైలు మీద నొక్కుతాడు. ఈ ఫైలును వేరొకరు వాడుతున్నారు, తర్వాత ప్రయత్నించండి అంటుంది అది, ఇంగ్లీషులో.

ఎంత మర్యాద! ఆ తాళం పుణ్యాన ఇల్లు చల్లగా ఉంది. లొకేషన్ వెతకడానికని గోవా వెళ్లొచ్చిన నిర్మాతగారి బావమరిది ఆ ఖర్చు ఎక్కించలేడు. సినిమా ఖాతాలో ఇంటికి కొన్న సోఫా ఎంతయిందని ఎవరూ ఎవరినీ అడగలేరు. చీటీలన్నీ ఓ బిస్కెట్ డబ్బాలో హాయిగా పడుకున్నాయి. ఇంతకన్నా ఏం కావాలి?

ఆడిటర్‌కే ఈ సుఖం గిట్టలేదు. శుక్రవారానికల్లా లెక్కలు కావాలన్నాడు. దాంతో బోరబండ నుంచి రష్మి అనే రిపేరు పిల్లని పిలిపించారు. ఆమె పది నిమిషాలు చూసింది.

"అంకుల్, గిది కరాబ్ కాలే. ఇంకో కంప్యూటర్ల ఈ ఫైల్ తెరిచే ఉంది. గాడ మూస్తే తాళం పోతది. ఏడుంది అది?"

"దేవుడి గదిలోనమ్మా."

అవునండీ. పద్నాలుగు నెలల కిందట, సినిమా ముహూర్తం రోజున క్లాప్‌బోర్డుతో పాటు లాప్‌టాప్‌కీ పసుపు కుంకుమ పెట్టారు. నిర్మాతగారి భార్య త్రిపురసుందరిగారు మొదటి ఖర్చుగా కొబ్బరికాయలు ఎక్కించారు. విడుదలయ్యేదాకా ఫైలు మూయకూడదన్నాడు సిద్ధాంతి. అప్పట్నుంచి అఖండదీపానికి నూనె పోసినట్టు దానికి ఛార్జింగ్ పెడుతున్నారు.

షూటింగ్ మాత్రం నాలుగు రోజులే జరిగింది. హీరో ఫోనెత్తడు. డైరెక్టరు ఇంకో ఆఫీసులో కథ చెబుతున్నాడు.

"పైకి పొయ్యి మూసేసొస్తా అంకుల్. ఒక్క నిమిషం పని."

"కూర్చో తల్లీ. టీ తాగు. అది మూస్తే సినిమా ఆగిపోయినట్టు."

"ఆగలేదా మరి?"

త్రినాథరావు టీ కప్పు ఆమె ముందుకి జరిపాడు. సినిమా ఉన్నన్నాళ్లే నీ ఉద్యోగమని నిర్మాతగారు మొదట్లోనే చెప్పారు. యాభై నాలుగేళ్లకి ఇంకో గుమ్మం ఎవరు తెరుస్తారు?

"రిపేరు కాలేదు, మళ్లీ రావాలి అని రాసివ్వమ్మా. ఆడిటర్‌కి చూపిస్తాను."

"అబద్ధం రాయాల్నా?"

"ఈ వీధిలో ఇంకేం రాస్తారే పిల్లా."

ఆమె నవ్వి రాసిచ్చింది.

అందుకే అంటున్నాను, ఆ తాళం వరం. సినిమా ఏమైందని లైట్‌మెన్ అడిగితే 'నడుస్తోంది' అంటారు. మేకప్‌మన్ అడిగితే 'వచ్చే వారమే' అంటారు. వాళ్లు వేరే పనులు ఒప్పుకోకుండా కూర్చున్నారు. ఆగిపోయిందని చెప్పడానికి ఇంత పెద్ద ఇంట్లో ఒక్కరికీ నోరు రాదు. పొద్దున్నే 'ఇప్పుడు కాదు' అని ముఖం మీద ఉన్నమాట చెప్పేది ఆ కంప్యూటరొక్కటే.

మర్నాడు త్రినాథరావు దేవుడి గది వైపు ఓ దణ్ణం పెట్టి, కూర్చుని నొక్కాడు. తర్వాత ప్రయత్నించమంది.

ఉద్యోగం ఉంది.