క్యాచూ, దవడా, సత్యదుర్గ సాక్ష్యమూ

తొంభై ఆరో సంవత్సరం మార్చిలో ఒక గురువారం పొద్దున్న సత్యదుర్గ అనుకున్నది ఒక్కటే: మొగుణ్ణి నోరు కదపనివ్వకూడదు. శ్రీనివాసరాజు కింది దవడ ఎముక రెండుచోట్ల విరిగింది. పై పళ్ళనూ కింది పళ్ళనూ కలిపి డాక్టరు తీగలతో బిగించేశాడు. ఆరు వారాలు స్ట్రాతో జావ తాగాలి. తీగ తెగితే మళ్ళీ ఆపరేషన్. మూడేళ్ళ పిల్లని చంకనేసుకుని ఆస్పత్రి వరండాలో ఇంకో రాత్రి కూర్చోవడం ఆమె వల్లకాదు.

ఇంటికొచ్చాడని తెలిసేసరికి బహ్రెయిన్ ఈసా టౌనులో ఉన్న తెలుగువాళ్ళంతా పరామర్శకి బయలుదేరారు. చేతిలో హార్లిక్స్ సీసా, నోట్లో ఒకటే ప్రశ్న.

"ఎలా జరిగిందే?" అంది పక్కింటి నాగేశ్వరి.

"ఏముందక్కా! పోయిన శుక్రవారం క్రికెట్ ఫైనల్లో ఆఖరి బంతికి క్యాచ్ వదిలేశారు. చేతుల్లోంచి జారి తిన్నగా దవడకి తగిలింది."

మంచం మీంచి "ఊఁ! ఊఁహూఁ!" అని గర్జన. శ్రీనివాసరాజు లేచి కూర్చుని, బంతి ఎంత జోరుగా వచ్చిందో, ఎండ ఎటు కొట్టిందో రెండు చేతులతో చూపిస్తున్నాడు. దవడలు బిగుసుకుని మెడ నరాలు ఉబ్బాయి.

"పడుకోండి మహానుభావా! తప్పు బంతిదే!"

సాయంత్రానికి నలుగురొచ్చారు. నాలుగుసార్లూ అదే కథ, అదే గర్జన. నాలుగోసారి పెదవి చివర రక్తం కనబడేసరికి సత్యదుర్గ తడిగుడ్డ తెచ్చి తుడిచింది. అంతలో ఎదురింటి సూర్యావతి వచ్చి, "క్యాచ్ వదిలేశారటగా?" అంది.

"వదిలెయ్యడమేంటండీ? చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నారు! ఆ తర్వాత కాలు జారి దవడ మీద పడ్డారు. అప్పుడు దొర్లింది బంతి. బౌండరీ పక్కనే కూర్చున్నాను, నాకు తెలీదా?"

మంచం మీద చప్పుడు లేదు. శ్రీనివాసరాజు దిండుకి చేరబడి, పెళ్ళిపీటల మీద కూర్చున్నప్పటి ముఖం పెట్టాడు. ఈ మందు డాక్టరుకి ఎందుకు తట్టలేదో అనుకుంది సత్యదుర్గ.

సూర్యావతి ఇంటికెళ్ళి మొగుడికి చెప్పింది. ఆయన అస్కర్‌లోని ఫ్యాక్టరీకి నైట్ డ్యూటీకి వెళ్ళి, అక్కడే పనిచేసే టీమంతటికీ చెప్పాడు. తెల్లారేసరికి కెప్టెన్ భీమరాజు, ముగ్గురు టోర్నమెంటు కమిటీ పెద్దలతో సహా గుమ్మంలో ఉన్నాడు.

"ఇంత మాట వారం రోజులు కడుపులో ఎలా దాచుకున్నారు చెల్లెమ్మా? ఎండ కళ్ళల్లో కొట్టి మాకెవరికీ కనబడి చావలేదు. అది అవుటైతే కప్పు మనదే. అవతలోళ్ళు ఒప్పుకోవట్లేదని కమిటీవారు తేల్చేశారు, ఫైనల్ మళ్ళీ ఆడాలి!"

"ఆడుకోండి అన్నయ్యగారూ, ఈయన్ని వదిలేసి."

"రాజు లేకుండా ఫైనలేంటండీ? తీగలు తీశాక వచ్చే మొదటి శుక్రవారమే పెట్టాం. అదే చోట నిలబెడతాం. మనోడి చేతులేంటో అవతలోళ్ళూ చూడాలి!"

సత్యదుర్గ రెండు చేతులూ జోడించింది. అతుకుతున్న ఎముక మీద ఇంకో బంతి! "దేవుడి మీద ఒట్టు అన్నయ్యగారూ, నేను అబద్ధం చెప్పాను. ఈయన పట్టలేదు. వదిలేశారు!"

భీమరాజు కమిటీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. "చూశారా? మొగుడి దవడ కోసం ఆ తల్లి ఎంత అబద్ధమైనా ఆడేస్తుంది."

"ఏవండీ, మీరైనా చెప్పండి! తల అడ్డంగా ఊపండి, చాలు!"

నాలుగుసార్లు గర్జించిన మనిషి ఇప్పుడు కళ్ళు దించుకుని బుద్ధిగా జావ పీలుస్తున్నాడు.

"ఎంత వినయమండీ!" అన్నాడు కమిటీ పెద్ద.

బహ్రెయిన్ వచ్చిన నాలుగేళ్ళలో సత్యదుర్గ ఆడింది ఒకే ఒక్క అబద్ధం. జనం నమ్మిందీ అదొక్కటే.