నాలుగు రోజుల్లో పాలనాశాస్త్రం

పాలనాశాస్త్రం నూరేళ్లలో నడిచిన దారిని మెదక్ పట్టణం నాలుగు రోజుల్లో నడిచి చూపిస్తుందని ఆఫీసరు నర్సింగం గారు సోమవారం మైకులో ప్రకటించారు. ఆయన హైదరాబాద్‌లో ట్రైనింగ్ అయి వచ్చారు. ట్రైనింగ్ అయి వచ్చిన ఆఫీసరును ఆపడం ఎవరి తరం?

చప్పట్లు కొట్టినవాళ్లలో దర్జీ సమద్ ఒకడు. అతనికి కావలసింది ఒక్క సంతకం. కూతురు జోహాకు పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. గురువారం సాయంత్రం ఐదులోపు ఆదాయ ధ్రువపత్రం ఇవ్వకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

సోమవారం శాస్త్రీయ పాలన. ఏ కాగితమైనా హోదా తప్పకుండా నడవాలి. సమద్ అర్జీ ఆరు టేబుళ్లు ఎక్కి, ఆరు టేబుళ్లు దిగి, మళ్లీ అతని చేతికే వచ్చింది. పద్ధతంటే అట్లా ఉండాలి.

మంగళవారం మానవ సంబంధాలు. సిబ్బంది సంతోషంగా ఉంటేనే పని సాగుతుందట. అందుకని అందరూ ఆఫీసుకు తాళం వేసి ఏడుపాయల గుడికి పోయి సంతోషపడి వచ్చారు.

బుధవారం కొత్త మేనేజ్‌మెంట్. ఇకపై ప్రజలు ప్రజలు కారు, కస్టమర్లు. క్లర్కు అరుణ లేచి నిలబడి నమస్కారం పెట్టింది.

“రాండ్రి సార్. మా సర్వీసుకు ఐదు స్టార్లల్ల ఎన్ని ఇస్తరు?”

“సంతకం కానేలేదు కదమ్మా.”

“గది వేరే కౌంటర్ సార్. గీడ స్టార్లే.”

సమద్ ఐదూ ఇచ్చాడు. అంత మర్యాదగా అడిగితే కాదంటాడా!

గురువారం ప్రజా భాగస్వామ్యం. లైనులో ముందున్న సమద్‌ను నర్సింగం గారు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తన కుర్చీలో కూర్చోబెట్టారు.

“సమద్ భాయ్, ఇయ్యాల్టి సంది పౌర కమిటీ అంటే నువ్వే. సంతకాలన్నీ నువ్వే పెట్టాలె.”

సమద్‌కు పట్టరాని సంతోషమైంది. తన పని ముందు చేసుకుంటే నలుగురూ ఏమనుకుంటారోనని జోహా కాగితాన్ని అన్నింటికన్నా అడుగున పెట్టి, మిగతావాళ్లవి మొదలుపెట్టాడు. శివ్వంపేట నుంచి వచ్చిన ఆగమ్మ “నీ చెయ్యి సల్లగుండ బిడ్డా” అని దీవించింది. ఆమె ఆ ఆఫీసుకు రావడం అది పదకొండోసారి.

నాలుగున్నరకు జోహా కాగితం పైకొచ్చింది. పెన్ను ఆనించాడో లేదో నర్సింగం గారు అడ్డుపడ్డారు.

“సొంత బిడ్డకు సొంత సంతకమా? ఎథిక్స్ ప్రకారం చెల్లది.”

“మరి మీరు పెట్టుండ్రి సార్.”

“నాకేడిది అధికారం? పొద్దుగాలనే నీకిస్తి.”

“వాపస్ తీస్కోండ్రి సార్!”

“దానికి కమిటీ తీర్మానం కావాలె. తీర్మానానికి ఇద్దరన్న ఉండాలె. రెండో మెంబర్‌ను వచ్చే నెల వేస్తం.”

జోహా టేబుల్ దగ్గరికి వచ్చింది. “అబ్బాజాన్, అందరికి పెట్టినవ్ కదా! టైమైపోతున్నది.”

సమద్ బిడ్డ మొహంలోకి చూడలేకపోయాడు. మధ్యాహ్నం తర్వాత వచ్చినవాళ్లు ఆమె వెనక వరసగా నిలబడి ఉన్నారు. పేపరు ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు.

“జర పక్కకు జరుగు బేటా,” అన్నాడు సమద్. “ఎనక మంది ఉన్నరు.”

‘కన్నకూతురైనా రూలు రూలే: పాలనలో కొత్త యుగం’ అని శుక్రవారం పేపర్లో వచ్చింది. నర్సింగం గారు సమద్‌కు శాలువా కప్పుతున్న ఫోటో వేశారు. ఫోటో అంచున జోహా భుజం కొంచెం పడింది.