మూడెత్తులకోసారి లేచే మనిషి

"షఫీకూ, నువ్వు చానా అదృష్టవంతుడివిరా," అన్నాడు కోటేశ్వరరావు, నా మోటారు రివైండింగ్ షాపులో స్టూలు మీద ఒక కాలు పెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టి. "ఎందుకో అడుగు."

నేను బోరు మోటారుకి రాగి తీగ చుట్టుకుంటున్నాను. అడగలేదు.

"నా కాలంలో పుట్టావు. నా ఊళ్ళో పుట్టావు. నా బెంచీలో కూర్చుని చదివావు. ఈ పల్నాడు గడ్డ మీద నేరస్థుడనేవాడు నా పేరు వింటే నిద్రపోడు. ఆ మెదడు పని చేస్తుంటే పక్కన నిలబడి చూసే భాగ్యం నీకొక్కడికే దక్కింది."

"సరేగానీ, స్టూలు మీంచి కాలు తియ్. దానికి ఇప్పుడే వార్నిష్ వేశా."

కాలు వచ్చింది. బూటు రాలేదు.

కోటేశ్వరరావుకి నరసరావుపేటలో పురుగుమందుల దుకాణం ఉంది. అది కడుపు కోసం. అపరాధ పరిశోధన మాత్రం ప్రాణం కోసం. వాడి విజిటింగ్ కార్డు మీద పైన పెద్దక్షరాల్లో 'ప్రైవేట్ డిటెక్టివ్' అని, కింద చిన్నక్షరాల్లో 'అన్ని రకాల పురుగుమందులు లభించును' అని ఉంటుంది. ఇంతవరకు ఛేదించిన కేసు ఒక్కటీ లేదు. వాళ్ళ వీధిలో గ్యాస్ సిలిండర్ పోతే ముగ్గురిని అనుమానించి, ముగ్గురితోనూ మాటల్లేకుండా చేసుకున్నాడు. చివరికి ఆ సిలిండర్ వీడి వంటింట్లోనే దొరికింది. వాళ్ళావిడ పక్కింట్లో ఎవరూ లేనప్పుడు బదులు తెచ్చుకుని, ఈయనగారి పరిశోధన చూసి భయపడి నోరెత్తలేదట.

"కేసొచ్చిందిరా," అన్నాడు బూటును పీకుతూ. "ఘోరమైన కేసు. దీని వెనక అంతర్జాతీయ ముఠా ఉంది."

"మన చెస్ క్లబ్బులో అంతర్జాతీయం ఏముందిరా? ఫ్యాను కూడా మాచర్ల నుంచి తెచ్చిన పాతది."

అసలు సంగతి ఏమిటంటే, మా క్లబ్బు ఏటా ఒక కల్యాణమండపంలో రెండు రోజుల టోర్నమెంటు పెడుతుంది. నేను ఆడను. నాతో ఎవరూ ఆడరు అంటే ఇంకా నిజం. బల్లలు సర్దుతాను, ఫ్యాన్లు తిరగకపోతే తిరిగేలా చేస్తాను. కోటేశ్వరరావు ఆడతాడు. ఆ రోజు, శనివారం, మొదటి ఆటలోనే ఎదుటివాడి ఏనుగు మీద ఎర్రటి మరక చూశాడు. రక్తమేమోనని దాన్ని చేతిలోకి తీసుకుని, భూతద్దం పెట్టి పరీక్ష చేశాడు. ఎదుటివాడి పావును ముట్టుకుంటే, వీలున్నప్పుడు దాన్ని చంపి తీరాలన్నది ఆట నియమం. వీడు తన మంత్రితో తప్ప దాన్ని చంపలేడు. ఏనుగు పోయింది, దాని వెనకే మంత్రి పోయింది, ఆట పోయింది. మరక గోంగూర పచ్చడిది.

అదే హాల్లో నడికుడి నుంచి వచ్చిన ముర్తుజా గారు మాత్రం ఆడిన ఆటలన్నీ గెలిచారు. ఆయన రైల్వేలో గేట్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. రైలుకీ రైలుకీ మధ్య గేటు గదిలో కూర్చుని ఒక్కరే రెండు వైపులా ఆడుకుంటూ నేర్చుకున్న ఆట అది. కోచింగుకెళ్ళి వచ్చిన పిల్లలు ఆయన ముందు చేతులెత్తేశారు. కాకపోతే ఆయనకొక అలవాటు. మూడెత్తులకోసారి లేచి బయటికి వెళ్తారు. వెంటనే తిరిగొచ్చి కూర్చుంటారు. ఎత్తు వేస్తారు. ఆ ఎత్తుకు ఎదుటివాడు తల పట్టుకుంటాడు.

ఇది వెంకట్రామయ్యకు నచ్చలేదు. ఆయన పెద్ద రైతు, మాజీ సర్పంచి. ఆయన కొడుకు ప్రవీణ్ ఇంజినీరింగ్ చదువుతూ మా టోర్నమెంటు గెలవాలని వచ్చాడు. చివరి ఆట ఆ ఇద్దరికే పడేలా ఉంది. బయట ఎవరో ఫోను చూసి ముసలాయనకు ఎత్తులు చెబుతున్నారని వెంకట్రామయ్య సాయంత్రం ఫిర్యాదు చేశాడు.

ఆటలకు తీర్పు చెప్పటానికి గుంటూరు నుంచి వచ్చిన ఆర్బిటర్ అర్చన గారు ముర్తుజా గారిని పిలిచింది.

"మీరు అస్తమానం బయటికి ఎందుకెళ్తున్నారండీ?"

"ఊరికేనమ్మా... గాలికి."

హాల్లో ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. ఆ మాట ఎవరూ నమ్మలేదు.

"చూడండి, ఎవరి సాయమైనా తీసుకుంటున్నట్టు తేలితే మీ ఆటలన్నీ రద్దు చేసి పేరు కొట్టేస్తాను. మళ్ళీ ఏ టోర్నమెంటులోనూ ఆడనివ్వరు."

ముర్తుజా గారు నా పక్కన కూర్చుని టీ గ్లాసు తాగకుండానే కింద పెట్టారు. "ముప్పై ఏళ్ళు గేటు కాశాను షఫీకూ. ఒక్క మెమో లేదు. ఈ వయసులో దొంగ అనిపించుకుని నడికుడి బస్సెక్కాలంటే ఎట్టా?" అన్నారు. నాకు చాలా బాధేసింది. అయినా బయటికి ఎందుకెళ్తున్నారో నాకూ చెప్పలేదు.

ఇదీ కేసు. దాన్ని ఎవరూ అప్పగించకుండానే మా కోటేశ్వరరావు స్వీకరించాడు.

ఆదివారం పొద్దున నిఘా మొదలైంది. ఆ రోజు మండపం పై హాల్లో ఓణీల ఫంక్షన్ ఉంది. మెట్ల దగ్గర ఆ అమ్మాయి ఫ్లెక్సీ నిలువెత్తున పెట్టారు. కోటేశ్వరరావు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఆ ఫ్లెక్సీ వెనక నక్కాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. కాసేపటికి పట్టు పంచె కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి ఫ్లెక్సీ వెనక్కి తొంగి చూశాడు.

"అయ్యో, ఇక్కడే నిలబడిపోయారేంది బావగారూ! మొహమాటమా? రండి, రండి!"

చెయ్యి పట్టుకుని పైకి లాక్కుపోయాడు. మా డిటెక్టివ్ మధ్యాహ్నానికి కిందికి దిగాడు. తల మీద అక్షింతలు, నోట్లో కిళ్ళీ.

"ఏమైందిరా?"

"పులిహోర బాగుంది. బొబ్బట్టు ఇంకా బాగుంది. అమ్మాయికి చదివింపులు చదివించా," అని గొంతు తగ్గించాడు. "కానీ ఆయన నన్ను లాక్కుపోయే లోపే చూడాల్సింది చూశా. ముర్తుజా బయటికొస్తాడు. ఎవరితోనూ మాట్లాడడు. గుమ్మం దగ్గర నిలబడి కిందికి చూస్తాడు. పెదాలు కదుపుతాడు. లోపలికి పోతాడు. ఇప్పుడు చెప్పు, కిందికి చూసి మాట్లాడితే వినేదెవరు?"

"ఎవరూ లేరు."

"అదే మామూలు మెదడు చెప్పే జవాబు. కింద ఏమున్నాయి? చెప్పులు! ఆయన చెప్పుల్లో ట్రాన్స్‌మీటర్ ఉందిరా! అడుగున యంత్రం, అవతల ముఠా. మూడెత్తులు చెప్తాడు, మూడెత్తులు వింటాడు!"

"ఒరేయ్, ఆయన కీప్యాడ్ ఫోన్లో నంబరు కూడా నేనే నొక్కి పెడతానురా."

"అంతా నటన! నీ మల్టీమీటర్ తీసుకురా, లోపల తీగ ఉంటే మోగుతుంది గదా."

తీసుకురాకపోతే వాడు చెప్పులను వెంకట్రామయ్య దగ్గరికో, పోలీసు స్టేషనుకో మోస్తాడు. నా కళ్ళ ముందైతే ఆపొచ్చనుకున్నాను. ఆ భ్రమతోనే నా బతుకు సగం గడిచింది.

మధ్యాహ్నం చివరి ఆట మొదలైంది. ముర్తుజా గారు, ప్రవీణ్ ఎదురెదురుగా కూర్చున్నారు. అర్చన గారు కుర్చీ తెచ్చుకుని వాళ్ళ బల్ల పక్కనే కూర్చుంది. గుమ్మం బయట ఫంక్షన్ వాళ్ళవీ మావీ కలిసి చెప్పులు గుట్టగా పడున్నాయి. కోటేశ్వరరావు ఆ గుట్టలోంచి ఇత్తడి బకిళ్ళున్న గోధుమరంగు తోలు జత ఒకటి ఏరి, చొక్కా కింద దాచుకుని, నన్ను జనరేటర్ గది వెనక్కి ఈడ్చుకుపోయాడు.

"పెట్టు మీటర్!"

పెట్టాను. మోగింది.

"దొరికాడు!" అని ఎగిరి గంతేశాడు. "విన్నావా? ముఠా పిలుస్తోంది!"

"బకిల్‌రా అది! ఇత్తడికి పెడితే మీటర్ మోగకుండా పాడతదా? మిగతాదంతా తోలు, రబ్బరు. ఎక్కడివక్కడ పెట్టేసి వద్దాం పద."

"లోపల దాచి ఉంటారు," అని జేబులోంచి బ్లేడు తీశాడు. నేను చెయ్యి పట్టుకునే లోపే ఒక చెప్పు అడుగు పొడుగునా చీల్చేశాడు. లోపల రబ్బరు. రెండోది లాక్కోబోయాను. అదీ చీలింది. అందులోనూ రబ్బరే.

అప్పుడే ముర్తుజా గారు బయటికి వచ్చారు. మేమిద్దరం గోడ చాటు నుంచి చూస్తున్నాము. ఆయన కిందికి చూశారు. పెదాలు కదలలేదు. వంగి ఒక్కో జతా పక్కకి జరిపారు. ఫంక్షన్ పిల్లల చెప్పుల కింద కూడా చూశారు. మెట్ల వెనక చూశారు. చివరికి నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు ఊరికే నిలబడ్డారు. తువ్వాలుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయారు.

నాకు అప్పుడు అర్థమైంది. వాడికింకా అర్థం కాలేదు.

"చూశావా, యంత్రం లేకపోయేసరికి ఎట్టా కంగారు పడ్డాడో!"

"ఒరేయ్ దరిద్రుడా, ఆయన చెప్పులు కాసుకుంటున్నాడురా! పోతాయేమోనని మూడెత్తులకోసారి వచ్చి చూసుకుని పోతున్నాడు!"

కోటేశ్వరరావు చేతిలోని చెప్పుల వంక చూశాడు. నల్ల కళ్ళద్దాలు తీసేశాడు. చీలిన చెప్పుల్ని నా సంచీలో వేసుకుని ఇద్దరం లోపలికి వెళ్ళాము. ఆ పెద్దాయన మనసు చెదిరిపోయి ఓడిపోతాడు, ఆ పాపం మాదే అని భయపడ్డాను.

ముర్తుజా గారు కుర్చీలో కూర్చుని బోర్డు వైపు చూస్తున్నారు. ప్రవీణ్ ఎత్తు వేసి గడియారం నొక్కాడు. అలవాటు ప్రకారం ఈయన లేచి వెళ్తాడని చూశాడు. ఈయన లేవలేదు. మూడెత్తులయ్యాయి. ఆరయ్యాయి. ఈయన కదల్లేదు. కాసుకోవాల్సింది బయట ఏమీ మిగల్లేదు మరి. ముప్పై ఏళ్ళు గేటు కాసిన కళ్ళు ఆ అరవై నాలుగు గళ్ళ మీదే నిలబడ్డాయి. ప్రవీణ్‌కి చెమట పట్టింది. ఆయన లేచి వెళ్తే వీడికి కాస్త ఊపిరాడేది, ఇప్పుడు అదీ లేదు. తొందరపడి గుర్రాన్ని ముందుకు దూకించాడు. ముర్తుజా గారు ఏనుగునిచ్చి ఆ గుర్రాన్ని తీశారు, ఆ దారిలోనే ఒక బంటును నడిపించుకుంటూ పోయి మంత్రిని చేశారు. కుర్రవాడు కాసేపు చూసి, గడియారం ఆపి, ఓటమి ఒప్పుకుని లేచి చెయ్యి చాచాడు. మంచి పిల్లవాడు. రెండు చేతులూ చాచాడు.

అర్చన గారు లేచి నిలబడింది. "ఈ ఆటలో ఈయన ఒక్కసారే బయటికెళ్ళారు, అదీ మొదట్లో. గెలిచే ఎత్తులన్నీ నా ఎదురుగానే వేశారు. ఈయనకు ఎవరి సాయమూ అక్కర్లేదు. ఫిర్యాదు కొట్టేస్తున్నాను."

చప్పట్లు మోగాయి. వెంకట్రామయ్య మాత్రం ఊరుకోలేదు. "అయితే నిన్నంతా యాడికి తిరిగావయ్యా?"

ముర్తుజా గారు సిగ్గుపడ్డారు. "చెప్పుల కోసం. మా అమ్మాయి ఫిర్దౌస్ మొదటి జీతంతో కొనిచ్చిన జత పోయిన రంజాన్‌కి మసీదు కాడ పోయినాయి. మళ్ళీ కొనిచ్చింది. ఇవి కూడా పోగొట్టుకొస్తే గడప తొక్కనియ్యనన్నది. బయటికొచ్చి చూసుకోటం, ఉన్నాయిరా దేవుడా అనుకోటం, లోపలికి పోటం. చెస్ ఆడేటోడు చెప్పులు కాసుకుంటున్నాడంటే పిలకాయలు నవ్వరా?"

ఎవరూ నవ్వలేదు. వెంకట్రామయ్య తల గోక్కున్నాడు. "ఈ ముక్క నిన్ననే చెప్తే సరిపోయేది గదా పెద్దాయనా. ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల పెట్టాలి. నేనెప్పుడూ అట్నే పెడతా. తప్పు నాదేలే, ఏమనుకోబాక."

"ఇప్పుడేముంది అయ్యా, అవీ పోయినాయి," అని ముర్తుజా గారు చుట్టూ చూసి, మావాడి దగ్గర ఆగారు. "కోటేశూ, నువ్వు డిటెక్టివ్‌వి గదా నాయనా. ఆ దొంగను కాస్త పట్టుకోరాదూ?"

వాడి జీవితంలో తనంతట తాను వచ్చి కేసు అప్పగించిన మొదటి మనిషి. కోటేశ్వరరావు మొహం పాలిపోయింది. నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

"దొంగ దొరికాడండీ," అన్నాడు నీరసంగా.

"అప్పుడేనా? ఎవరు?"

"నేనే."

హాలంతా గొల్లున నవ్వింది. వెంకట్రామయ్య పొట్ట పట్టుకున్నాడు. "పట్టుకోటం చేతగాక నీ మీదేసుకున్నావా?"

"నిన్న మీరు రక్తమన్నది గోంగూర పచ్చడైంది, ఇదైనా నిజమాండీ?" అంది అర్చన గారు.

"పోనీలే నాయనా," అని ముర్తుజా గారు వాడి భుజం తట్టారు. "నన్ను ఓదార్చటానికి అంత మాట దేనికి?"

మావాడికి పౌరుషం వచ్చింది. బతుకంతా తప్పు చెబితే నమ్మారా లేదా అన్నది పక్కన పెడితే, ఒప్పు చెప్పిన ఒక్కసారీ నవ్వుతారా? "నిజంగా నేనేనండీ! సాక్ష్యం ఉంది! ఒరేయ్ షఫీకూ, తియ్ సంచీ!"

తీశాను. నవ్వులు ఆగిపోయాయి. ముర్తుజా గారు చెప్పులు చేతిలోకి తీసుకుని, చీలిక పొడుగునా వేలితో తడిమి చూశారు. కోటేశ్వరరావు తల దించుకున్నాడు.

"తప్పయిందండీ సాహెబు గారూ. మిమ్మల్ని దొంగనుకున్నా. దొంగతనం నేను చేశా. సిగ్గుగా ఉంది."

ఆయన రెండో చెప్పు చీలిక కూడా తడిమి చూశారు. తర్వాత చెప్పులు జాగ్రత్తగా జత చేసి చంకలో పెట్టుకున్నారు.

"దొంగను నువ్వే పట్టుకున్నావు గదా?"

"అవునండీ."

"సాక్ష్యంతో సహా?"

"...అవునండీ."

"అయితే వదలమాక. రేపు పొద్దున్నే నడికుడి తీసుకొచ్చి మా ఫిర్దౌస్ ముందర నిలబెట్టు. నేను చెప్తే నమ్మదు."