ఎడమ మలుపులో అరిచే బండి

2001 అక్టోబరు 29, సోమవారం. ఆ ఉదయం భానుప్రసాద్ తిన్నది రెండు జొన్నరొట్టెలు, కాస్త మాడిన వంకాయ కూర. భార్య సుజన పోయిన ఎనిమిది నెలల్లో రొట్టె గుండ్రంగా రావడం అదే మొదటిసారి. ఆ సంతోషంలో, కాలేజీకి ఐదు నిమిషాలు ముందే చేరాలని పదిహేడేళ్ల నాటి మోటార్ సైకిల్ బయటికి తీశాడు.

సందు చివర ఎడమకు తిరగాలి. మలుపులో నాగేశ్వరమ్మ ఇల్లు. వర్ని అనే ఊరి వైపు నుంచి వచ్చిన మనిషి. భర్త పోయాక దవాఖానలో నర్సు ఉద్యోగం చేసుకుంటూ ఒక్కతే ఉంటోంది. సరిగ్గా ఆమె గేటు ముందు, యాక్సిలరేటర్ తిప్పకుండానే బండి గట్టిగా అరిచింది. భానుప్రసాద్ క్లచ్ పట్టి ఆగాడు. అరుపు ఇంకా పెరిగింది. ఆమె గరిటెతో బయటికొచ్చింది.

"ఏమైనా పనుందా మాస్టారూ?"

"లేదమ్మా, బండే..." అంటూ ఇంజన్ ఆపేసి నెట్టుకుపోయాడు.

మంగళవారం అంతే. బుధవారం అంతే. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు మాత్రం కిక్కురుమనదు. ఇరవయ్యేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్న మనిషికి కూడా కారణం అందలేదు.

మెకానిక్ జేత్యా బండిని స్టాండు వేసి స్టార్ట్ చేశాడు. అది బుద్ధిగా నడిచింది.

"మంచిగనే ఉంది గద సారూ!"

అయినా ఎందుకైనా మంచిదని కార్బురేటర్ కడిగి, రేసు తగ్గించాడు. దాంతో బండి ఊరంతా ఆగిపోతూ, నాగేశ్వరమ్మ గేటు ముందు మాత్రం అరవసాగింది.

"సార్ బండికి గా ఇంటి ముంగటనే ఉషారొస్తది," అని సందులో ఎవరో అన్నారు. భానుప్రసాద్‌కు ఆ రాత్రి అన్నం సహించలేదు. తనను ఏమన్నా పర్వాలేదు. ఒంటరిగా, మర్యాదగా బతుకుతున్న ఆమెకు తన వల్ల మాట వస్తే ఇక ఆ దారిన ఏ ముఖంతో నడవాలి?

శనివారానికి మాట అక్క ఊరు రుద్రూర్ చేరింది. ఆదివారం మొదటి బస్సుకే అతని అక్క గంగవ్వ చీరె, కొబ్బరికాయ పట్టుకుని దిగి, తమ్ముడి ఇంటికి కాక నేరుగా ఆ గేటు దగ్గరికి పోయింది. సంగతి తెలిసి భానుప్రసాద్, సాక్ష్యానికి జేత్యాను బండి మీద ఎక్కించుకుని పరుగున వచ్చాడు.

"మా తమ్మునికి సిగ్గెక్కువ చెల్లె," అంటోంది గంగవ్వ. "నోటితోని చెప్తలేడు, బండితోని చెప్తుండు."

"అక్కా! బండి ఖరాబైంది!"

"ఖరాబైతే బస్టాండు కాడ అరవాలె. గీడనే ఎందుకు అరుస్తుందిరా?"

"అవును," అంది నాగేశ్వరమ్మ నెమ్మదిగా. "ఇక్కడే ఎందుకండీ?"

అతను జేత్యా వైపు చూశాడు. జేత్యా బండి స్టార్ట్ చేసి హ్యాండిల్ కుడికి తిప్పాడు. నిశ్శబ్దం. పూర్తిగా ఎడమకు తిప్పాడు. వీధంతా మారుమోగింది.

"దొరికింది సారూ! గీ దారం ఎవరు కట్టిండ్రు? రేసు వైరును హ్యాండిల్‌కు కలిపి బిగించిండ్రు. ఇటు తిప్పంగనే వైరు గుంజుకుంటుంది."

మొన్నటి దసరా పూజ దారం. ఏడు చుట్లు.

"నేనే," అన్నాడు భానుప్రసాద్. "ఏటా సుజన కడుతుండె. వైరు ఇడిసిపెట్టి కట్టాల్నని నాకు తెల్వలే."

జేత్యా బ్లేడు తీశాడు.

"కొయ్యకు!"

భానుప్రసాద్ కేకకు జేత్యా బ్లేడు వెనక్కి తీసుకున్నాడు. నాగేశ్వరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, గోళ్లతో ముడి ఓపికగా విప్పి, ఆ దారాన్నే అద్దం కడ్డీకి కట్టింది. గంగవ్వ చీరె సంచిలో పెట్టుకుంది. కొబ్బరికాయ మాత్రం అరుగు మీద మరిచిపోయింది.

ఆ తరువాత బండి మూడు రోజులు ఆ మలుపు గుట్టుగా దాటింది. ఆమె పేరు నిలిచింది. అతనికి నిశ్చింతగా ఉండాల్సింది. ఎందుకో గేటు వైపు చూడకుండా ఉండలేకపోయాడు. గరిటె పట్టుకుని ఎవరూ రాలేదు.

బుధవారం సాయంత్రం ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మీ బండి బాగై నా ప్రాణానికొచ్చింది మాస్టారూ. పోయిన వారమంతా ఆ చప్పుడు వినే పొయ్యి ఆపి డ్యూటీకి బయల్దేరేదాన్ని. మూడు రోజులూ ఆలస్యమే."

"రేపటి సంది హారన్ కొట్టాల్నా?"

"అయ్యో, వద్దండీ! వీధంతా వింటుంది."

అంతవరకు వీధంతా విన్నది గుర్తొచ్చి ఇద్దరూ నవ్వారు. ఎదుట మరో మనిషి ఉండగా నవ్వి ఎంత కాలమైందో లెక్కపెట్టుకోకుండానే అతను బండి కదిలించాడు.

చీకటి పడుతోంది. నాగేశ్వరమ్మ చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది. గడియ మాత్రం బండి చప్పుడు పూర్తిగా వినిపించకుండా పోయాకే పెట్టింది.