ఎవరూ అరవని తలుపు

ఆ సోమవారం ఉదయానికి ఇంజనీరు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. సరిగ్గా పదింటికి ఒక తలుపు మూయాలి. పది నిమిషాలు కదలకుండా కూర్చుని, ఎవరైనా అరుస్తారేమో వినాలి. ఎవరూ అరవకపోతే తలుపు తెరిచి టీ తాగాలి.

తలుపంటే చెక్కతో చేసింది కాదు. అతని కంపెనీ రకరకాల యంత్రాలకు ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేస్తుంది. ఆ సిస్టమ్ నడిమధ్యలో కెర్నల్ ఉంటుంది. మోటారు తిప్పాలన్నా, ఒక్క అక్షరం అచ్చువేయాలన్నా ఏ ప్రోగ్రామైనా కెర్నల్‌ని అడగాల్సిందే. ఆ అడగడాన్నే సిస్టమ్ కాల్ అంటారు. ఈ కాలపు ప్రోగ్రాములన్నీ ముందు గుమ్మంలోంచి వచ్చి, తామెవరో చెప్పుకుని, సంచి తెరిచి చూపించి మరీ అడుగుతాయి. ఇరవై ఆరేళ్ల కిందట పెట్టిన పెరటి తలుపు ఒకటి మాత్రం అలాగే ఉండిపోయింది. అక్కడ కాపలా లేదు, రిజిస్టరు లేదు. ఎవరొచ్చారో, ఎన్నిసార్లొచ్చారో ఎక్కడా నమోదు కాదు. దొంగకు కావలసిన సదుపాయాలన్నీ అక్కడున్నాయి, ఇంకా దొంగే రాలేదు.

దాన్ని శాశ్వతంగా మూసేయాలని ఇంజనీరు మూడు నెలలుగా పోరుతున్నాడు. పెద్దసారు ఒప్పుకోవడం లేదు. ఆ తలుపు పెట్టింది ఆయనే, పడుచువయసులో.

"ఎవరూ వాడట్లేదని నువ్వెలా చెప్పగలవయ్యా?"

"వారం రోజులు ఇక్కణ్ణుంచే అన్ని యంత్రాల్లోనూ కాసేపు కాసేపు మూసి చూస్తాను సార్. మొదటిరోజు పది నిమిషాలు, తర్వాత రోజూ రెట్టింపు. వాడేవాళ్లుంటే అరుస్తారు కదా."

ఆ రంగంలో అది మామూలు పద్ధతే. ఎక్కడికి పోతుందో తెలియని తీగను పీకి, ఏ గదిలోంచి కేక వస్తుందో వింటారు. పెద్దసారు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"సరే. ఆసుపత్రుల యంత్రాల జోలికి మాత్రం పోకు. ఒక్క కేక వినపడిందా, తలుపు తలుపులాగే ఉంటుంది, నువ్వు మాన్యువళ్ల గదికి పోతావు."

మాన్యువళ్ల గది మెట్ల కింద ఉంది. అందులో నలుగురు మనుషులు మీట ఎలా నొక్కాలో ఇరవై భాషల్లో రాస్తూ ఉంటారు. అక్కడికి వెళ్లినవాళ్లు మళ్లీ కెర్నల్ ముఖం చూసిన దాఖలా లేదు. ఇంజనీరుకు కెర్నల్ తప్ప వేరే పని రాదు, రావాలని కోరిక కూడా లేదు.

అతను చాలా తక్కువ మాట్లాడే మనిషి. ఆఫీసులో 'మ్యూట్ సార్' అంటారు. ఏదైనా చెడిపోయినప్పుడే మనుషులు నోరు తెరుస్తారని, నిశ్శబ్దంగా ఉందంటే అంతా సవ్యంగా ఉన్నట్టేనని చిన్నప్పటి నుంచీ అతని నమ్మకం. యంత్రాల విషయంలో ఆ నమ్మకం బాగానే పనిచేసింది. కాపురానికి కూడా దాన్నే వాడుతున్నాడు, ఎప్పుడూ పరీక్షించి చూడలేదు.

పదింటికి తలుపు మూశాడు. పదీ రెండుకు ఫోన్ మోగింది. గబుక్కున అందుకున్నాడు. చూస్తే భార్య.

ఆమె ఊరి ఆ చివర పార్శిళ్లు వేరుచేసే హాల్లో సూపర్‌వైజరు. కదిలే బెల్టు పక్కన వరసగా నిలబడి నలభైమందికి పైగా మనుషులు పార్శిళ్లను ఏ బుట్టలో పడాల్సినవి ఆ బుట్టలో వేస్తుంటారు. బెల్టు ఆగదు కాబట్టి వాళ్లూ ఆగరు. పదకొండేళ్ల కాపురంలో డ్యూటీలో ఉండి ఆమె ఫోన్ చేసింది మూడుసార్లు. మూడుసార్లూ ఎవరికో ప్రాణం మీదికి వచ్చింది.

"ఏమైంది?"

"ఏం కాలేదండీ. ఊరికే చేశా."

"ఊరికే అంటే?"

"ఊరికే అంటే ఊరికే. టిఫిన్ తిన్నారా?"

"ఇప్పుడు కాదు. ఫోన్ ఖాళీగా ఉండాలి. ఎవరైనా అరుస్తారేమో అని కూర్చున్నా."

"అరవడమేంటి? మీ మీద ఎవరు అరుస్తారు? ఆఫీసులో ఏమైనా..."

అతను ఫోన్ పెట్టేశాడు. పదీ పదికి తలుపు తెరిచి, ఫిర్యాదుల డెస్కు దగ్గరికి నడిచాడు. అక్కడి అమ్మాయి గోళ్లు చూసుకుంటోంది.

"ఎవరైనా అరిచారా?"

"లేదు సార్. మీరు మరీ అంత ఆశపడుతుంటే నేనే అరుస్తా."

మంగళవారం ఇరవై నిమిషాలు. పదీ రెండుకు మళ్లీ భార్య. ఈసారి కిటికీ తెరల రంగు గురించి, చెల్లెలి కూతురి చేతిరాత గురించి పదిహేడు నిమిషాలు మాట్లాడింది. ఫోన్ పెట్టేశాక అతనికి ఒక అనుమానం తేలులా పాకింది. క్షణం తీరికలేని హాల్లో పట్టపగలు పదింటికి పావుగంటకు పైగా ఖాళీ ఎలా వచ్చింది? అన్నిటినీ ఒక వరసలో పెట్టి చూడటం అతని వృత్తి. పెట్టి చూశాడు. ఒకే జవాబు వచ్చింది. ఆమె ఉద్యోగం పోయింది. చెప్పలేక రోజూ ఏడున్నరకే సంచి తగిలించుకుని బయల్దేరి ఎక్కడో బెంచీ మీద కూర్చుంటోంది.

అడగవచ్చు. కానీ అడగటం అతనికి అలవాటు లేదు. అందుకని ఆ సాయంత్రం అంట్లు తోమాడు.

భార్య వంటింటి గుమ్మంలో నిలబడి అతన్ని చాలాసేపు చూసింది. ఆఫీసులో ఎవరో అరుస్తారని ఎదురుచూసే మనిషి, ఫోన్ ఖాళీగా ఉంచమనే మనిషి, ఇంటికొచ్చి గిన్నెలు తోముతున్నాడు. ఆమె కూడా అన్నిటినీ ఒక వరసలో పెట్టింది. ఉద్యోగం పోయింది, లేదా పోబోతోంది. పాపం, ఎవరితో చెప్పుకుంటాడు, నోరున్న మనిషి కాదే అనుకుంది. తుడిచే గుడ్డ అందుకుని పక్కన నిలబడింది.

బుధవారం నలభై నిమిషాలు. ఆ నలభైలో ముప్పైఎనిమిది ఇద్దరూ ఫోన్‌లోనే ఉన్నారు. అతన్ని ఓదార్చాలని ఆమె మాట్లాడింది, ఆమెను ఓదార్చాలని అతను విన్నాడు.

"మీరేం దిగులు పెట్టుకోకండి."

"నువ్వు కూడా పెట్టుకోకు."

"నేనెందుకు పెట్టుకుంటానూ?"

"అదే. పెట్టుకోకు అంటున్నా."

"మనిద్దరికీ రెక్కలున్నాయండీ. ఏదో ఒకటి చేసుకుంటాం."

ఆ మాటకు అతని కళ్లు చెమ్మగిల్లాయి. ఉద్యోగం పోగొట్టుకుని కూడా తనకే ధైర్యం చెబుతోంది. ఇలాంటి మనిషితో పదకొండేళ్లుగా ఉప్పు, పప్పు, కరెంటు తప్ప ఏం మాట్లాడాడో గుర్తు చేసుకోబోయాడు. ఏమీ గుర్తు రాలేదు.

గురువారం ఎనభై నిమిషాలు. ఫోన్‌లో ఆమె వెనకాల బోలెడంత నవ్వులు వినిపించాయి. ఎవరో పాట ఎత్తుకున్నారు.

"ఎవరు పాడేది?"

"మావాళ్లే. ఈ గొంతు ఇన్నాళ్లూ ఎక్కడ దాచిందో చూడండి. పక్కనే నిలబడి కూడా ఎప్పుడూ వినలేదు."

ఉద్యోగాలు పోయినవాళ్లంతా ఒకచోట చేరి పాడుకుంటున్నారన్నమాట. ఎంత గుండెనిబ్బరం, అనుకున్నాడు. ఆ ఎనభై నిమిషాల్లో ఫిర్యాదుల తెర వైపు తాను ఒక్కసారీ చూడలేదని ఫోన్ పెట్టేశాకే గమనించాడు. వెంటనే చూశాడు. ఖాళీగా ఉంది. డెస్కు అమ్మాయి అటువైపు నుంచే రెండు చేతులూ ఊపి, లేదు, లేదు అంది.

సాయంత్రం పెద్దసారు కాగితం మీద సంతకం పెట్టాడు.

"గెలిచావయ్యా. రేపు పదింటికి శాశ్వతంగా మూసెయ్. ఆ తలుపుకి నేను తప్ప చుట్టాలెవరూ లేరన్నమాట."

శుక్రవారం పదింటికి మూశాడు. పదీ రెండుకు ఫోన్ మోగింది. ఈసారి అతను దానికోసం చూస్తూనే ఉన్నాడు. కుర్చీ వెనక్కి వాల్చి, కాళ్లు చాపి, గంటన్నర మాట్లాడాడు. తాను పదో తరగతిలో రేడియో విప్పి మళ్లీ బిగించలేకపోయిన సంగతి కూడా చెప్పాడు. అది అతను ఎవరికీ చెప్పని సంగతి. పదకొండున్నరకు భార్య ఒక్క క్షణం ఆగింది.

"ఏమండీ, ఇవాళ ఇదేంటో ఇంకా కదలట్లేదు."

"ఏది?"

"బెల్టు. సోమవారం నుంచీ ఠంచనుగా పదింటికి ఆగుతోంది. కాసేపుండి దానంతటదే కదిలేది. ఇవాళ పార్శిళ్లు నడుముదాకా వచ్చాయి."

ఇంజనీరు కుర్చీ నిటారుగా అయింది.

"కాసేపంటే ఎంతసేపు?"

"మొదటిరోజు పది నిమిషాలు. తర్వాత ఇరవై. బుధవారం..."

"నలభై. నిన్న ఎనభై."

"మీకెలా తెలుసు?"

"అయితే నీ ఉద్యోగం పోలేదా?"

"నా ఉద్యోగమా? పోయింది మీది కదా!"

రెండువైపులా నిశ్శబ్దం. ఇది అంతా సవ్యంగా ఉన్నప్పటి నిశ్శబ్దం కాదని జీవితంలో మొదటిసారి అతనికి అర్థమైంది.

"మరి ఒక్కరంటే ఒక్కరు ఫిర్యాదు చేయలేదేం?" అతని గొంతు పెద్దదైంది. డెస్కు అమ్మాయి తలెత్తి చూసింది.

"ఎవరు చేస్తారండీ? జన్మలో మొదటిసారి డ్యూటీలో కూర్చున్నాం. మా మేనేజరైతే పైవాళ్లు విశ్రాంతి పథకం పెట్టారనుకున్నాడు. తనకు చెప్పలేదని అడిగితే చిన్నతనమని, తనే 'విశ్రాంతి వేళ' అని బోర్డు రాసి తగిలించాడు. తప్పుడు బుట్టలో పడే పార్శిళ్లు సగానికి తగ్గాయి. సంతోషంతో పైవాళ్లకు ధన్యవాదాలు రాస్తే, వాళ్లూ ఏమీ ఎరగనట్టు కనపడటం ఇష్టంలేక 'మా కృషిని గుర్తించినందుకు సంతోషం' అని జవాబిచ్చారు."

ఇంజనీరు తలుపు తెరిచాడు. బెల్టును నడిపే ప్రోగ్రాము ఇన్నేళ్లూ పెరటి తలుపులోంచే వస్తోంది, పాతకాలం మర్యాద తెలిసినది. కాదంటే గొడవ చేయకుండా ఆగిపోయి, నిమిషానికోసారి మళ్లీ వచ్చి అడుగుతుంది. ఈసారి అడగగానే దొరికింది. ఫోన్‌లో బెల్టు గిర్రున కదిలిన చప్పుడు, దాని వెనకాలే హాలంతా కలిసి "అబ్బా!" అనడం వినిపించాయి. అది కేక కిందికి వస్తుందో రాదో అతనికి తేలలేదు.

దాచేయవచ్చు. ఆ సంగతి తెలిసింది ఇద్దరికే, ఒకరు ఇంట్లో మనిషే. కానీ తలుపు మళ్లీ మూస్తే హాలు మునిగిపోతుంది, తెరిచి ఉంచితే ఏదో ఒకరోజు దొంగ వస్తాడు. అతను మాన్యువళ్ల గది పక్కనుంచే మెట్లెక్కి పెద్దసారు గదిలోకి వెళ్లాడు.

"తలుపు వాడేవాళ్లున్నారు సార్."

"కేక వచ్చిందా?"

"లేదు సార్. కృతజ్ఞతలు వచ్చాయి."

"ఎవరి నుంచి?"

"మా ఆవిడ నుంచి. రోజూ వచ్చాయి. నాకే అర్థం కాలేదు."

మొత్తం విన్నాక పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుస్తూ నవ్వుతున్నాడో, మరేం చేస్తున్నాడో చెప్పడం కష్టం.

"కేక వస్తే ఏం చేయాలో అనుకున్నాం. కృతజ్ఞతలు వస్తే ఏం చేయాలో అనుకోలేదే. మాన్యువళ్లవాళ్లను ఇప్పుడెందుకు కంగారుపెట్టడం? కూర్చో. ఆ తలుపు మూయొద్దు, గట్టి చేద్దాం. దాని లోపలి సంగతులు నాకు తప్ప ఎవరికీ తెలీదు, నేను పోయాక నీకూ తెలీదు."

శని, ఆదివారాలు ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. పెరటి తలుపుకు గడియ పెట్టారు. వచ్చినవాళ్ల ముఖం చూసే కిటికీ పెట్టారు, సంచి తెరిపించే పద్ధతి పెట్టారు, రిజిస్టరు పెట్టారు. ముఖం తెలిసిన బెల్టు ప్రోగ్రామును రానిచ్చి, మిగతావాటిని ముందు గుమ్మానికి పొమ్మన్నారు. తన పాత కోడ్ ఒక్కో వరుసా చదివి వినిపిస్తున్నప్పుడు పెద్దసారు ముఖం వెలిగిపోయింది. ఇరవై ఆరేళ్లలో దాని గురించి ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదట. ఇంజనీరు అడిగాడు. అడగటం అనుకున్నంత కష్టంగా లేదు.

సోమవారం పదయింది. బెల్టు ఆగలేదు. రిజిస్టరులో దాని పేరు బుద్ధిగా పడుతూ ఉంది. అంతా సవ్యంగా ఉంది, కాబట్టి ఫోన్ మోగలేదు. పదీ రెండు. పదీ ఐదు. అతను ఫోన్ ఎత్తి చూశాడు, చార్జింగు ఉంది. వారంపాటు ఒక గొంతు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు, ఆ గొంతు రోజూ వేళ తప్పకుండా వచ్చింది. అతనే దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఎలా చెప్పుకోవాలో తెలియని కృతజ్ఞత ఒకటి అతనికి మిగిలిపోయింది. చెప్పుకోవలసిన మనిషి ఇప్పుడు ఊరి ఆ చివర నిలబడి పార్శిళ్లు చూస్తోంది.

డెస్కు అమ్మాయి కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"మ్యూట్ సార్! వచ్చింది సార్, కేక వచ్చింది! మామూలు కేక కాదు!"

పార్శిళ్ల హాలు నుంచి ఫిర్యాదు. హాలంతా సంతకాలు పెట్టింది. కింద మేనేజరు ముద్ర కూడా ఉంది. అందరికంటే పైన ఉన్న గుండ్రటి సంతకం అతను రోజూ ఇంట్లో చూసేదే. 'యంత్రంలో లోపం' అన్న గడిలో ఒక్క మాట రాసి ఉంది: పదింటికి ఆగడం లేదు.

అతను రెండుసార్లు చదివి, 'అత్యవసరం' అన్న ముద్ర వేసి, మరమ్మతుకు పట్టే సమయం అన్నచోట 'రోజుకు పది నిమిషాలు' అని రాశాడు.